చెన్నయ్య చేప తిన్న శుక్రవారం

8 అక్టోబర్ 1993, శుక్రవారం
రుసైల్ క్యాంప్, మస్కట్ దగ్గర

అమ్మ పోయి మూడు వారాలు దాటిందట. నాకు ఈ రోజు తెలిసింది.

లచ్చన్న కొత్త వీసా మీద వచ్చాడు. ఊళ్ళో మా పక్కిల్లే వాళ్ళది. నా భార్య కవిత పంపిన మామిడి తొక్కు సీసా, రెండు బనీన్లు నా మంచం మీద పెట్టి, భుజం మీద చెయ్యి వేశాడు. "ఏం జేస్తం నర్సింగ్, ముసలామె సుఖంగనే పోయింది. మంచంల పడలే, ఎవలితోని చేయించుకోలే," అన్నాడు.

ఏ ముసలామె అని అడిగాను.

లచ్చన్న నా ముఖం చూసి చెయ్యి తీసేశాడు. "నీకు చెప్పలేదా? నేను, మీ కవిత మెట్‌పల్లి వొయ్యి ఫోన్ జేస్తిమి గదా. చెన్నయ్యనే ఎత్తిండు. నర్సింగ్‌కు నేను చెప్త, లీవు మాత్రం దొరకది, ఆయన కోసం ఆగకుండ్రి అన్నడు."

రూమ్‌లో టేప్ రికార్డర్ మోగుతోంది. డ్రైవర్ జావెద్ లేచి ఆపేశాడు.

చెన్నయ్య పైపుల ఫ్యాక్టరీలో మా లైన్ ఫోర్‌మన్. మా పక్క ఊరివాడే. నాకు ఈ వీసా ఇప్పించింది అతనే. కంపెనీలో పనివాళ్ళకు ఇళ్ళ నుంచి ఫోన్ వస్తే ఎత్తేది అతనే.

సాయంత్రం తనే వచ్చాడు. ఎవరో చెప్పినట్టున్నారు. గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

"నీ మంచికే చెప్పలే తమ్మీ. ఆర్డర్ నడుస్తుండె, మేనేజర్ సాబ్ ఎట్లయినా పంపకపోవు. ఏడ్చుకుంట మిషన్ మీద నిలవడితే చెయ్యో కాలో పోతుండె. ఆర్డర్ అయినంక చెప్దామనుకున్న. అటెన్క నోరు రాలే."

"సరే అన్నా," అన్నాను.

ఒక్కడే కొడుకును. కొరివి పెట్టింది మా పాలోళ్ళ పిల్లగాడట, దాయాదుల వరుస.

9 అక్టోబర్

డ్యూటీకి పోయాను. నాకు కోపం లేదు.

13 అక్టోబర్

లచ్చన్నను అడిగాను, అమ్మ పోయింది ఏ వారమని. సోమవారం, వినాయక చవితికి ముందు అన్నాడు. భోజనాల దగ్గర మళ్ళీ అడిగాను. సోమవారమే అన్నాడు. బాత్‌రూమ్ దగ్గర ఇంకోసారి అడిగితే, "ఎన్నిమాట్ల అడుగుతవే, నీ పాణం బాగుందా?" అన్నాడు.

బర్కా తోటలకు నీళ్ళ పైపుల ఆర్డర్ పూర్తయింది ఆ సోమవారమే. ఆ సంబరానికి చెన్నయ్య మేకను కోయించాడు. అందరం క్యాంప్ వెనకాల చాపలు పరుచుకుని కూర్చున్నాం. చెన్నయ్య తనే గరిటె పట్టుకుని వడ్డించాడు. నా దగ్గరకొచ్చి, గిన్నెలో వెతికి వెతికి మూలుగ బొక్క తీసి నా పళ్ళెంలో వేశాడు. "తిను నర్సింగ్, గీ ఆర్డర్ నీ చేతుల మీదనే నడిచింది," అన్నాడు.

నేను ఆ బొక్కను పళ్ళానికి కొట్టి, మూలుగ జుర్రుకుని తిన్నాను. ఇంకో ముక్క అడిగి మరీ వేయించుకున్నాను.

అక్కడ అమ్మ వాకిట్లో ఉంది. పొద్దున్నే ఫోన్ చేశామని లచ్చన్న అన్నాడు. అంటే వడ్డించేటప్పుడు చెన్నయ్యకు తెలుసు. తెలిసే వెతికి తీశాడు ఆ బొక్కను.

14 అక్టోబర్

నీసు మానేశాను. అడిగినవాళ్ళకు కడుపు బాగాలేదని చెప్పాను.

29 అక్టోబర్, శుక్రవారం

చెన్నయ్య పడుకునే మంచం మా కిటికీలోంచి కనబడుతుంది. ఒక చెయ్యి నుదుటి మీద పెట్టుకుని పడుకుంటాడు. హాయిగా నిద్రపోతాడు.

ఏం చెయ్యవచ్చో ఆలోచించాను. సాబ్‌కు చెప్పవచ్చు. చెబితే సాబ్ అయ్యో పాపం అంటాడు, అంతే. కొట్టవచ్చు. కొడితే నన్ను ఇంటికి పంపిస్తారు, అతను ఇక్కడే ఉంటాడు. మిషన్ దగ్గర ఏదైనా వదులు చేసి పెట్టవచ్చు. రాసి చూసుకుంటే ఇది నా రాతలా లేదు. అతని చెయ్యి పోతే నాకేం వస్తుంది? చెయ్యి పోవడం వేరు, నాకు జరిగింది వేరు.

నాకు జరిగిందే అతనికి జరగాలి. దానికి నేనేం చెయ్యగలను? ఏమీ చెయ్యలేను. అందుకే కోపం లేదు అంటున్నాను.

5 నవంబర్

చెన్నయ్యతో కలిసి టీ తాగాను. నవ్వుతూ మాట్లాడాను. "నీ మనసు పెద్దది తమ్మీ, వేరేటోడైతే నాతోని మాట్లాడకపోవు," అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ నీళ్ళు నాకు చాలా నచ్చాయి.

14 నవంబర్

మా మేనేజర్ హార్వే సాబ్ నెలాఖరుకు ఇంగ్లాండ్ వెళ్ళిపోతున్నాడు, మళ్ళీ రాడు. పోయే ముందు మా లైన్ వాళ్ళందరినీ ఒక శుక్రవారం మస్కట్ తీసుకుపోయి భోజనం పెట్టిస్తాడట. ఖురుమ్‌లో సముద్రం ఒడ్డున ఒక ఇంగ్లీషామె హోటల్ ఉందట. అక్కడ వాళ్ళ దేశంలో లాగానే చేప, ఆలుగడ్డలు వేయించి పెడతారట. సాబ్ చిన్నప్పుడు వాళ్ళ నాయన శుక్రవారం శుక్రవారం అదే తినిపించేవాడట.

"చేపలకు మస్కట్ దాకా పోవుడెందుకు, సీబ్ మార్కెట్ల కొనుక్కొస్తే నేనే వండుతుంటి," అన్నాడు లచ్చన్న.

"అరే, వాళ్ళ చేపల ముల్లుండది మియా. పిల్లలు గూడ తినొచ్చు," అన్నాడు జావెద్. ఇంతకుముందు సాబ్‌ను అక్కడికి తీసుకుపోయింది అతనే.

నేను రానందామనుకున్నాను. కానీ చెన్నయ్య నా పేరు ముందే రాయించేశాడు.

22 నవంబర్

చెన్నయ్య రువీ బజారుకు పోయి నీలం గీతల చొక్కా కొన్నాడు. మెస్‌లో రెండు ఫోర్కులు తెచ్చుకుని ఉడికిన ఆలుగడ్డ మీద ప్రాక్టీస్ చేస్తున్నాడు. ఆలుగడ్డ ఎగిరి జావెద్ మీద పడింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

26 నవంబర్, శుక్రవారం. పొద్దున

బస్సులో రాస్తున్నాను. అక్షరాలు అదురుతున్నాయి, రోడ్డు వల్ల.

ఫోన్ వచ్చింది. శుక్రవారం ఆఫీసుకు తాళం వేసి ఫోన్‌ను గేటు గదికి కలుపుతారు. వాచ్‌మన్ నమాజుకు తయారవుతున్నాడు. చెన్నయ్య స్నానానికి పోయాడు. బస్సు కోసం గేటు దగ్గర నిలబడ్డవాణ్ణి నేనొక్కణ్ణే. నేను ఎత్తాను.

ఆడగొంతు. చెన్నయ్య అక్క శాంతవ్వ. లైను సరిగా లేదు, అరిచి మాట్లాడుతోంది. "ఎవలు? నర్సింగా? బిడ్డా, మా అవ్వ పోయింది. తెల్లారి లేపుతె లెవ్వలే. ఐసు పెట్టినం. రేపు పొద్దుమూకె దాంక ఆగుతం. తమ్మునికి చెప్పు, ఎట్లనన్న జేసి రమ్మను. ఒక్కడే కొడుకు, ఆడు రాకుంటె కొరివి ఎవలు వెడ్తరు?"

"చెప్త అక్కా," అన్నాను.

కమలవ్వ, చెన్నయ్య తల్లి. ఒక్కసారి చూశాను ఆమెను, వీసా విషయం మాట్లాడ్డానికి వాళ్ళింటికి పోయినప్పుడు. మజ్జిగ ఇచ్చింది.

సాయంత్రం బొంబాయి విమానం ఉంది. అది ఎక్కితే రేపు మధ్యాహ్నానికి ఊళ్ళో ఉంటాడు. పాస్‌పోర్టులున్న అల్మారా తాళం సాబ్ దగ్గరే ఉంటుంది, సాబ్ హోటల్లో మా కోసం ఎదురు చూస్తుంటాడు. ఎలాగూ అక్కడిదాకా పోవాల్సిందే. అంతా సరిపోయింది.

చెన్నయ్య నా ముందు సీట్లో కూర్చున్నాడు. నీలం గీతల చొక్కా. కొత్త సెంటు వాసన.

తిన్నాక చెబుతాను. తిన్నాక చెప్పినా విమానానికి టైముంటుంది. తిని పోతే తప్పేముంది?

27 నవంబర్, శనివారం

నిన్నటిది రాయాలి. ఉన్నది ఉన్నట్టు రాస్తాను, నాకోసమే కదా.

హోటల్ చిన్నదే. తెలుపు, ఎరుపు గీతల కర్టెన్లు, పొడుగాటి చెక్క బల్లలు. గోడల మీద ఇంగ్లాండ్ సముద్రం ఫోటోలు. అక్కడ సముద్రం కూడా బూడిద రంగే, మనుషులు కోట్లు వేసుకుని ఒడ్డున కూర్చున్నారు. సాబ్ ఒక ఫోటో చూపించి, ఇదే మా ఊరు అన్నాడు. నూనె కాగే వాసన మాత్రం మన మిర్చి బజ్జీల బండి దగ్గర వచ్చే వాసనే.

సాబ్ చెన్నయ్యను తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నేను చెన్నయ్యకు ఎదురుగా కూర్చున్నాను. నేనే ఆ చోటు ఎంచుకున్నాను.

పళ్ళేలు వచ్చాయి. అరచేయి కన్నా పెద్ద చేప, తల లేదు, తోక లేదు, పిండిలో ముంచి వేయించారు, పైన పొరలు పొరలుగా పొంగింది. పక్కన వేలంత లావు ఆలుగడ్డ ముక్కల కుప్ప. పచ్చి బఠాణీలు ఉడికించి మెదిపిన ముద్ద, ఒక నిమ్మచెక్క. బల్ల మీద సీసాలో నల్లటి నీళ్ళు. లచ్చన్న అది చారు అనుకుని అరచేతిలో పోసుకుని తాగబోయాడు. "సిర్కా హై రే, వెనిగర్! ముక్కల మీద పోసుకో," అని జావెద్ చెయ్యి పట్టుకున్నాడు. జావెద్ జేబులోంచి కాగితం పొట్లం తీసి తన చేప మీద కారప్పొడి చల్లుకున్నాడు. సాబ్ కూడా అడిగి చల్లించుకుని, దగ్గి, ముఖం ఎర్రబడి, బల్ల కొట్టి నవ్వాడు.

చెన్నయ్య ఫోర్కు పట్టుకుని చేప మీద గుచ్చాడు. పై పొర కరకరమంది. లోపల తెల్లగా ఆవిరి వచ్చింది. మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

నాకు ఒళ్ళంతా చల్లబడింది. మంచి ఎండలో ఇంటికొచ్చి కుండలో నీళ్ళు తాగినట్టు.

"అబ్బ! ఏం మెత్తగుంది నర్సింగ్! ఎన్న వోలె కరుగుతుంది. ముల్లన్నదే లేదు," అన్నాడు. నమలడం ఆపి, నవ్వాడు. "మా అవ్వకు చెప్తే నమ్మదు. నాకిప్పటికీ చేప వెడితె పక్కన గూసోని ముండ్లు తీస్తది. గీ వయసుల గూడ. దొర పక్కన గూసోని ముల్లులేని చేప తిన్నవారా అని ఊరంత చెప్పుకుంటది."

చెప్పడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు. నోరు తెరిస్తే చాలు. టైము కూడా ఉంది. బయట ఎండ ఇంకా తెల్లగానే ఉంది.

నేను నా పళ్ళెంలోని చేపను చేత్తో తీసి అతని పళ్ళెంలో వేశాను.

"తిను అన్నా. నాకు కడుపు మంచిగ లేదు."

"గింత పెద్దదా? వద్దు తమ్మీ."

"తిను. గింత దూరం నీ వల్లనే వస్తిమి."

నిమ్మచెక్క కూడా నేనే పిండాను. తిన్నాడు. రెండో చేప మొత్తం తిన్నాడు. బఠాణీ ముద్ద వేలితో తుడిచి నాకాడు. సాబ్ అతని వీపు తట్టి ఏదో అన్నాడు. చెన్నయ్య లేచి నిలబడి, చొక్కా సర్దుకుని, "వెరీ వెరీ థ్యాంక్యూ సర్, యు గుడ్ మ్యాన్, గో హ్యాపీ," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను అందరికన్నా గట్టిగా కొట్టాను.

తిన్నాక చెబుతాననుకున్నాను కదా. తిన్నాక టీ వచ్చింది. టీ తర్వాత చెబుదామనుకున్నాను. తర్వాత సాబ్ అందరినీ ఇసుకలోకి తీసుకుపోయాడు, ఫోటోలు తీశాడు. చెన్నయ్య ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నీళ్ళలో నిలబడ్డాడు. ఫోటోల తర్వాత చెబుదామనుకున్నాను.

అలా నేను అనుకుంటూ ఉన్నాననే రాద్దామనుకున్నాను. ఉన్నది ఉన్నట్టు అన్నాను కదా. ఫోటోల తర్వాత చెప్పాలని నేను అనుకోలేదు. ఆకాశం చూస్తూ నిలబడ్డాను.

ఎండ ఎర్రబడ్డాక సీబ్ ఎయిర్‌పోర్ట్ వైపు నుంచి విమానం లేచింది. సముద్రం మీదుగా తిరిగి తూర్పుకు పోయింది. చెన్నయ్య తల ఎత్తి చూసి, "బొంబాయిది గావచ్చు," అన్నాడు.

"అవునన్నా, బొంబాయిదే," అన్నాను. "మీ అవ్వ పోయింది."

అతను అర్థం కానట్టు నవ్వాడు. ఇంకోసారి చెప్పాను. శాంతవ్వ చెప్పింది చెప్పినట్టు చెప్పాను, ఐసు పెట్టిన సంగతితో సహా.

"ఎప్పుడు జేసింది ఫోను?"

"పొద్దుగాల. నువ్వు స్నానం జేసేటప్పుడు."

చెన్నయ్య నన్ను చూశాడు. తర్వాత విమానం వైపు చూశాడు. అప్పటికి అది చిన్న దీపం. తర్వాత తన చేతులు చూసుకున్నాడు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. నీళ్ళలోకి ఇంకా లోపలికి పోయి, ఇసుక తీసుకుని చేతులు రుద్దుకున్నాడు. ఆ ఉప్పునీళ్ళే నోట్లో పోసుకుని పుక్కిలించాడు. మళ్ళీ పోసుకున్నాడు. కొత్త చొక్కా అంతా తడిసింది. తర్వాత వంగి, తిన్నదంతా కక్కాడు. అలలు తీసుకుపోయాయి.

లచ్చన్న పరుగెత్తుకొచ్చాడు. జావెద్ సాబ్‌ను పిలిచాడు. సాబ్ విషయం తెలుసుకుని కారు తాళాలు తీసుకుని పరుగెత్తబోయాడు. ఈ రోజు ఇంకో విమానం లేదని జావెద్ చెప్పాడు. రేపటిది ఎక్కితే, చేరేసరికి అంతా అయిపోతుంది.

ఎవరూ నన్నేమీ అడగలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంది.

నేను చేసింది అతను చేసిందే. అంతకు మించి ఒక్క గింజ ఎక్కువ చెయ్యలేదు.

27, సాయంత్రం

చెన్నయ్య అవ్వకు బావ కొరివి పెట్టాడట. శాంతవ్వ మొగుడు. ఫోన్‌లో చెన్నయ్య మాట్లాడ్డం గేటు దాకా వినబడింది. "టికెట్ దొరకలే అక్కా, టికెట్ దొరకలే," అని అదే మాట.

నా పేరు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు అర్థం కాలేదు. అతను నా పేరు చెప్పి తిడతాడని, ఊళ్ళో అందరికీ తెలుస్తుందని, అప్పుడు ఇదంతా ఎందుకు జరిగిందో కూడా తెలుస్తుందని ఎదురు చూశాను.

28 నవంబర్

జావెద్ రూమ్‌లో నాతో మాట్లాడాడు. కారు తుడిచిన గుడ్డ చేతిలో ఉంది, దాన్ని మెలిపెడుతూ మాట్లాడాడు.

"మా అమ్మీ హైదరాబాద్‌ల ఉంది నర్సింగ్. షుగర్ ఉంది ఆమెకు. రేపు ఫోన్ ఒస్తే నువ్వెత్తుతవో, చెన్నయ్య ఎత్తుతడో. మీ ఇద్దర్ల నేను ఎవర్ని నమ్మాలె?"

"నీకు నాకు ఏం పగ జావెద్?"

"పగ ఉంటేనే చెప్పవా? గీ మాటనే నాకు భయం."

కోపం వచ్చింది. నాకు జరిగినప్పుడు ఇతను టేప్ రికార్డర్ ఆపాడు, అంతే కదా. చెన్నయ్యను ఒక్క మాట అడగలేదు. ఇప్పుడు నన్ను అడగడానికి వచ్చాడు.

29 నవంబర్, సోమవారం

చెన్నయ్యకు సెలవు దొరికింది, సాబ్ తనే సంతకం పెట్టించాడు. ఈ సాయంత్రం విమానం. కర్మ చేసే పెద్దదినానికి ఉంటాడు.

మధ్యాహ్నం భోజనానికి క్యాంప్‌కు వచ్చినప్పుడు చెన్నయ్య మా గుమ్మంలో నిలబడ్డాడు. ఈసారి లోపలికి వచ్చాడు. చేతిలో రేజర్, కొత్త బ్లేడు, స్టీలు గిన్నెలో నీళ్ళు.

"గుండు చెయ్యి," అన్నాడు.

"మంగలి షాపుకు పో."

"నువ్వే చెయ్యి."

క్యాంప్ వెనకాల కుళాయి దగ్గర పీట మీద కూర్చున్నాడు. నేను వెనక నిలబడి తల తడిపాను. జుట్టు పల్చబడింది, అక్కడక్కడ తెల్లబడింది. బ్లేడు పెట్టాను. అతని మెడ నా చేతి కింద ఉంది. నరం కొట్టుకోవడం కనబడుతోంది.

సగం అయ్యాక అడిగాడు. "నా పల్లెంల నీ చేప ఏసినవ్. నిమ్మకాయ పిండినవ్. అప్పుడు నీకు మంచిగనిపిచ్చిందా?"

అబద్ధం చెప్పవచ్చు. చెప్పలేదు.

"అనిపిచ్చింది."

"నాకు మంచిగనిపియ్యలే. నీకు మేక కూర ఏసిన నాడు." నుదుటి మీద జారిన నీళ్ళు తుడుచుకున్నాడు. "చెప్దామనుకుంట గిన్నెల దేవులాడిన. బొక్క దొరికింది. బొక్కనే ఏసిన."

తల ఇంకా వంచాడు, మెడ దగ్గర వెంట్రుకలు నాకు అందేలా.

నేను పూర్తి చేశాను. ఎక్కడా తెగలేదు. అతను నీళ్ళతో తల కడుక్కుని, లేచి, రేజర్‌లో బ్లేడు మార్చాడు. పీట నా వైపు తోశాడు.

"కూసో. నువ్వు గూడ మీ అమ్మకు తీపిచ్చుకోలే."

"నీ చేత్తోని వద్దు," అన్నాను.

రేజర్ పీట మీద పెట్టి వెళ్ళిపోయాడు. జావెద్ కారు హారన్ కొట్టాడు. తువ్వాలు తల మీద కప్పుకుని కారెక్కడం కనబడింది. లచ్చన్న పెట్టె పట్టుకుని వెనకాలే పోయాడు. నేను పోలేదు.

క్షమించలేదు. అతను అడగలేదు కూడా. అడిగినా క్షమించేవాణ్ణి కాదు. ఆ చేప గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు చల్లబడుతోంది. రెండు క్షణాలు చల్లగా ఉండి, ఆ తర్వాత కమలవ్వ పక్కన కూర్చుని ముళ్ళు తీస్తుంది. మళ్ళీ ఆ చల్లదనం కోసం మొదటి నుంచి గుర్తు చేసుకుంటున్నాను.

3 డిసెంబర్, శుక్రవారం

అందరూ బజారుకు పోయారు. కుళాయి దగ్గర పీట వేసుకుని నా గుండు నేనే తీసుకున్నాను. అమ్మ పేరు అనుకుని మొదలుపెట్టాను. ముందు భాగం, రెండు పక్కలు బాగానే వచ్చాయి. గోడకు అద్దం పెట్టాను. ఇంకో అద్దం చేత్తో పట్టుకుందామంటే, రేజర్ పట్టడానికి చెయ్యి లేదు.

వెనక భాగం అందలేదు. రెండు చోట్ల తెగింది.

లచ్చన్న వచ్చేదాకా ఆగి అడగవచ్చు. జావెద్‌ను అడగవచ్చు. రూమ్‌లో కూర్చున్నాను. వాళ్ళు వచ్చారు. చూశారు. నేను అడగలేదు, వాళ్ళు చేస్తామనలేదు.

రేపు డ్యూటీకి టోపీ పెట్టుకుని పోతాను.